దుర్భిక్షమనే మాట: స్కిబరీన్ సంతలో ఒక శనివారం

మా అమ్మాయి ఉద్యోగరీత్యా ఐర్లండు దేశంలోని కార్క్ నగరంలో కాపురముంటున్నది. గత వేసవిలో ఆమె యింట రెండు మాసాలు గడిపి వచ్చాను. ముప్పైఆరేళ్ళు బడిలో తెలుగు పాఠాలు చెప్పి విరమించిన నావంటివాడికి పరదేశంలో ప్రొద్దుపోవడం కష్టం. అందులోనూ అక్కడ జూన్ మాసంలో రాత్రి పదిగంటలకు గాని చీకటి పడదు. నా అవస్థ గమనించి అమ్మాయి ఒక శనివారం ఉదయం, "సముద్రం చూద్దువుగాని రా నాన్నా!" అని కారులో బయలుదేరదీసింది. ఆ రోజు మేము చూడదలచింది సముద్రాన్ని. చూసింది వేరొకటి. ఆ ముచ్చట చదువరులతో పంచుకొందామని ఈ నాలుగు మాటలు.

కార్క్ నుండి నైరృతిదిశగా బాండన్, క్లొనకిల్టీ పట్టణాల మీదుగా సుమారు 80 కిలోమీటర్లు పోతే స్కిబరీన్ అనే చిన్న సంతవూరు వస్తుంది. ఐలన్ అనే నది ఒడ్డున ఉన్నది. జనాభా మూడువేలకు లోపే. మన వైపు ఆ మాత్రం జనాభా గలదానిని ఎవరూ పట్టణమనరు. ఐరిష్ భాషలో ఊరి పేరుకు 'చిన్న పడవల రేవు' అని అర్థమట. నది దిగువన బాల్టిమోర్ అనే రేవుపల్లె ఉన్నది. 1631లో ఉత్తరాఫ్రికా సముద్రపుదొంగలు ఆ పల్లెమీద పడి నూరుమందికి పైగా మనుషులను బానిసలుగా పట్టుకొనిపోగా, మిగిలినవారు భయపడి ఏటివెంట ఎగువకు వచ్చి స్థిరపడడంతో స్కిబరీన్ పెరిగిందని స్థానికుల చెప్పుకోలు. అంటే ఇది పుట్టుకతోనే కష్టం ఎరిగిన ఊరు.

శనివారం అక్కడ సంత. చిన్న గుడారాలు, బల్లలు, వాటిపై రొట్టెలు, జున్నుగడ్డలు, ఆ తెల్లవారుజామున పట్టిన చేపలు, మన్ను దులపని ఉర్లగడ్డలు. మా ఎమ్మిగనూరు సంతలో ఉండే కేకలు అక్కడ లేవుగాని, బేరమాడకుండా నవ్వుకొంటూ కబుర్లాడుకోవడం మాత్రం చాలా ఉన్నది. ఉర్లగడ్డలమ్మే ఒక పెద్దాయన, నేను వాటిని చేతిలోకి తీసుకొని తిప్పిచూడడం గమనించి, ఉడికితే పిండిపిండిగా విచ్చుకొనే గడ్డే అసలైన గడ్డ అని అమ్మాయితో విప్పిచెప్పాడు. పంట ఎట్లున్నదని అడిగించాను. ఆయన ఆకాశంవంక చూసి, ముసురు పట్టి ఉక్కగా ఉన్నది, తెగులు హెచ్చరిక వచ్చినా రావచ్చునన్నాడు. నేడు కూడా వేసవిలో గాలిలో తేమ, వెచ్చదనం కలిసిన రోజులలో ఐర్లండు వాతావరణశాఖ ఉర్లగడ్డ తెగులు గురించి ప్రత్యేకంగా హెచ్చరికలు వెలువరిస్తుంది. మనకు తుఫాను హెచ్చరిక ఎటువంటిదో వారికిది అటువంటిది. ఆ తెగులు 1845లో తొలిసారి ఆ దేశానికి వచ్చింది. అది వచ్చిన తరువాత ఏమి జరిగిందో ఆ ఊరికి తెలిసినంతగా మరే ఊరికీ తెలియదేమో.

ఊరి నడిబొడ్డున చౌకంలో ఐర్లండు మాతకు ప్రతీకగా ఒక స్త్రీమూర్తి విగ్రహం ఉన్నది. 1904లో నిలిపారు. పీఠం నాలుగు ముఖాలలో నాలుగు తిరుగుబాట్ల స్మరణ: 1798, 1803, 1848, 1867. నాలుగూ ఓడినవే. ఓడిన యుద్ధాలకు ఇంత శ్రద్ధగా విగ్రహం ఎత్తిన ఊరిని నేనింతకు ముందు చూడలేదు. ఈ ఊరివారి ధీమాకు మరొక ఉదాహరణ చెబుతారు. ఇక్కడి 'స్కిబరీన్ ఈగిల్' అనే చిన్న వార్తాపత్రిక 1898లో, రష్యా చక్రవర్తిపై తాము ఒక కన్నువేసి ఉంచామని సంపాదకీయం వ్రాసి లోకమంతా నవ్వుకొనేటట్లు చేసిందట. ఉడుత ఊపులకు చింతకాయలు రాలుతాయా అని మనమంటాము. కాని ఆ ఉడుతకు అంతకు యాభైయేండ్ల క్రితం జరిగినదేమిటో తెలిస్తే, చక్రవర్తులపై కన్నువేసి ఉంచాలని దానికెందుకు తోచిందో కూడా తెలుస్తుంది.

పాత గ్యాసు కర్మాగారపు భవనంలో అక్కడివారు ఒక వారసత్వ ప్రదర్శనశాల నడుపుతున్నారు. సముద్రానికి పోయేముందు అరగంట చూద్దామని లోనికి పోయాము. రెండున్నర గంటలు గడిచాయి.

అందులో గ్రహించినది క్లుప్తంగా చెబుతాను. 1845 నాటికి ఐర్లండులో సుమారు 30 లక్షల మంది పేదలకు ఉర్లగడ్డ తప్ప వేరే ఆహారం లేదు. ధాన్యం పండేది, పశువులు పెరిగేవి, వెన్న తీసేవారు. అవి కౌలుకట్టడానికి, అమ్మకానికి. తినడానికి గడ్డ. బూజువంటి సూక్ష్మజీవి ఒకటి వచ్చి ఆ గడ్డను భూమిలోనే కుళ్ళబెట్టింది. 1846లో పంట దాదాపు పూర్తిగా పోయింది. ఆకలిగొన్నవారు కూలిచేస్తేనే డబ్బు, డబ్బు ఉంటేనే తిండి అని ప్రభుత్వం నియమం పెట్టి రోడ్డుపనులు తెరిచింది. 1847 మార్చి నాటికి ఏడులక్షలకు పైగా జనం, ఎముకలగూళ్ళయినవారు, నడిచలికాలంలో రాళ్ళు కొట్టారు. కూలి తిండికి చాలలేదు. అదే కాలంలో రేవులనుండి ధాన్యం, పశువులు, వెన్న ఓడలకెక్కి ఇంగ్లండుకు పోతూనే ఉన్నాయి. ఆ వేసవిలో గంజికేంద్రాలు పెట్టి, జూలైలో దినానికి 30 లక్షలమందికి పైగా తిండిపెట్టగలిగారు. చేయదలిస్తే చేయగలరని దానితో రుజువయింది. కాని కొద్దినెలలకే వాటిని మూసివేశారు. పావు ఎకరాకు మించి భూమి ఉన్నవాడు ఆ భూమి వదులుకొంటే తప్ప సాయం లేదని చట్టం చేశారు. 1841లో 81 లక్షలు దాటి ఉన్న దేశజనాభా 1851 నాటికి 65 లక్షల చిల్లరకు దిగింది. పదిలక్షలమంది చచ్చిపోయారు. అంతకు మించినవారు ఓడలెక్కి వెళ్ళిపోయారు.

స్కిబరీన్ ఈ మహావిషాదానికి నమూనాగా లోకానికి తెలిసింది. కారణం, చూసినవారు వ్రాశారు. 1846 డిసెంబరు 24న, క్రిస్మస్ ముందురోజు, నికొలస్ కమిన్స్ అనే కార్క్ న్యాయాధికారి ఈ ప్రాంతంలో తాను చూసిన గుడిసెలను వర్ణిస్తూ వ్రాసిన లేఖ లండన్ 'టైమ్స్' పత్రికలో పడింది. 1847 ఫిబ్రవరిలో జేమ్స్ మహోనీ అనే చిత్రకారుడు ఇక్కడికి వచ్చి గీసిన చిత్రాలు 'ఇలస్ట్రేటెడ్ లండన్ న్యూస్'లో వెలువడ్డాయి. వాటిలో ఒకటి క్లొనకిల్టీలో చంకలో చచ్చిన బిడ్డనెత్తుకొని, ఆ బిడ్డకు శవపేటిక కొనడానికి బిచ్చమెత్తుతున్న తల్లి. స్థానిక వైద్యుడు డానియల్ డోనోవన్ తన దినచర్యను పత్రికలకిచ్చాడు. ఆకలి మనిషిని ఏ క్రమంలో చంపుతుందో వైద్యపత్రికలో వ్రాసిపెట్టాడు. 800 మందికని కట్టిన పేదల శరణాలయంలో అంతకు రెండింతలు మూడింతలు కుక్కబడి, జ్వరాలతో రాలిపోయారు.

ఊరికి పడమరగా, ఏటి ఒడ్డున ఆబీస్ట్రూరీ అనే శ్మశానం ఉన్నది. అక్కడ పచ్చికతో కప్పిన ఒక చదునైన జాగా. దానికింద గోతులలో ఎనిమిదివేలనుండి పదివేలదాకా శవాలున్నాయని అంచనా. పెట్టెలు చాలక, అడుగు తెరుచుకొనే ఒకే పెట్టెలో శవాన్ని తెచ్చి గోతిలోకి జారవిడిచి, పెట్టెను మరొకరికోసం తీసుకొనిపోయేవారు. చచ్చిపోయాడనుకొని టామ్ గెరిన్ అనే పసివాడిని అక్కడ వేస్తే, పార తగిలి కాళ్ళు విరిగి మూలిగాడట. అవిటివాడై 1910 దాకా బ్రతికాడట. గోతిలో ఉన్నవారిలో ఎవరిదీ పేరు లేదు. పచ్చిక ఏపుగా, ఏకరీతిగా పెరిగి ఉన్నది. పక్కన ఏరు చప్పుడు లేకుండా పారుతున్నది.

అక్కడ నేను చాలాసేపు నిలిచిపోయాను. అమ్మాయి మెల్లగా దగ్గరకు వచ్చి, "సముద్రమని బయలుదేరి ఇక్కడే ఆగిపోయినాము నాన్నా. ఏమయింది?" అన్నది. అప్పుడు ఆమెకు, ఇన్నేండ్లలో ఎన్నడూ చెప్పని ఒక సంగతి చెప్పాను.

మాది కర్నూలు జిల్లాలో నేతగాళ్ళ కుటుంబం. మా అవ్వ తన అత్తగారిని గురించి చెబుతుండేది. ఆ అత్తగారు, అనగా మా తాతగారి తల్లి, ధాత కరువునాటికి ఎనిమిదేండ్ల పిల్ల. ధాత నామ సంవత్సరమంటే 1876-77. వానలు లేవు. అన్నంలేనివాడు బట్ట కొనడు గనుక మొదట మగ్గాలు ఆగిపోయాయి. తల్లి ఆ పిల్లను, ఆమె తమ్ముడిని వెంటబెట్టుకొని రోడ్డుపనికి పోయింది. కొన్నాళ్ళకు ఇద్దరు తిరిగివచ్చారు. తమ్ముడు రాలేదు. "వాని పేరేమవ్వా?" అని నేను చిన్నప్పుడడిగితే, "పేరు ఎవురడిగినారు నాయనా, చెప్పనీకి" అన్నది మా అవ్వ. అంతే. మా వంశంలో అతని గురించి మిగిలిన చరిత్ర ఆ ఒక్క వాక్యం.

ఇంటికి వచ్చిన తరువాత ఈ రెండు కరువులను పక్కపక్కన పెట్టి చదివాను. చదివినకొద్దీ ఆ పోలిక యాదృచ్ఛికం కాదని తేలింది. మనుషులే ఒకరు. ఐర్లండు సహాయకార్యాల ఖర్చుపై లండన్ ఖజానాలో పెత్తనం చేసిన అధికారి చార్లెస్ ట్రెవెల్యన్. ఈయనే 1859-60లో మదరాసు గవర్నరు. చెన్నైలో విక్టోరియా పబ్లిక్ హాలు ముంగిట ఆయన స్మారకంగా ఒక నీటిబుగ్గ ఉన్నది. సెంట్రల్ స్టేషన్లో దిగి ఎన్నిమార్లు దాని ముందునుండి నడిచానో! భాషాసేవకులు తెలుసుకోదగిన మరో సంగతి: 1830లలో కలకత్తాలో ఉన్నప్పుడు భారతీయభాషలన్నిటినీ రోమను లిపిలో వ్రాయించాలని ఉద్యమించినవారిలో ఈయన ఒకడు. న్యాయంగా చెప్పాలంటే ఆయన క్రూరుడు కాడు. మదరాసులో ఆయనకు మంచి పేరుండేది. ప్రజలపై కొత్త పన్నులను బాహాటంగా వ్యతిరేకించినందుకే పదవి పోగొట్టుకొన్నాడు. ఐర్లండు పాపమంతా ఆయన ఒక్కడి నెత్తిన వేయడం కూడా సరికాదు. మంత్రివర్గం, పార్లమెంటు, భూస్వాములు, అందరిదీ అందులో వాటా ఉన్నది. అయినా ఒక సంగతి తప్పించుకోరానిది. బజారు ధరలలో ప్రభుత్వం చేయి పెట్టరాదనే సిద్ధాంతాన్ని నమ్మిన మంచివాడు సైతం, ఆ నమ్మకంతోనే జనాన్ని చావనివ్వగలడు.

రెండవవాడు డఫరిన్ ప్రభువు. 1847లో ఆక్స్‌ఫర్డు విద్యార్థిగా, ఇరవైయేండ్ల ప్రాయంలో, మిత్రుడితో కలిసి స్కిబరీన్‌కు వచ్చి కళ్ళారా చూసి ఆ ప్రయాణాన్ని చిన్నపుస్తకంగా ప్రకటించాడు. ఆయనే 1884 నుండి 1888 దాకా మనకు వైస్రాయి. ఆ పదవి చివరిలో ఈ దేశపు పేదలకు కడుపునిండా తిండి ఉన్నదా అని విచారణ జరిపించాడు. కుర్రతనంలో చూసిన స్కిబరీన్ ఆయన మనసులో మెదిలిందేమో అనిపిస్తుంది.

ఇక ధాత కరువు కథ. 1877 జనవరి 1న ఢిల్లీలో విక్టోరియా రాణికి చక్రవర్తిని బిరుదమిచ్చే దర్బారు జరిగింది. అప్పటికే రాయలసీమ మాడుతున్నది. ఆ నెలలోనే వైస్రాయి లిట్టన్ పంపగా సర్ రిచర్డ్ టెంపుల్ మదరాసు రాష్ట్రానికి వచ్చి, సహాయపనులలో మగకూలికి దినానికి ఒక పౌను ధాన్యం, దానిపై కొద్దిపాటి డబ్బు చాలునని కూలి తగ్గించాడు. ఒక పౌను అనగా మన లెక్కలో అరకిలో కన్నా తక్కువ. 1874లో బీహారు కరువులో బర్మానుండి బియ్యం తెప్పించి జనాన్ని బ్రతికించినందుకు దుబారా మనిషి అని నిందలు పడ్డవాడు ఈయనే. ఈసారి పొదుపు చూపించాడు. మదరాసు ఆరోగ్యశాఖాధికారి కార్నిష్ ఈ కూలి మనిషిని చంపుతుందని గట్టిగా వాదించిన మీదట కొన్ని నెలలకు పెంచారు. కొన్ని నెలలు! మా అవ్వ అత్తగారి తమ్ముడు ఏ నెలలో పోయాడో. ఆ కరువులో బ్రిటిషు పాలిత ప్రాంతాలలోనే సుమారు 55 లక్షలమంది చనిపోయారని అంచనా. 1871 జనగణనకూ 1881 జనగణనకూ నడుమ కర్నూలు జిల్లా జనాభా దాదాపు నాలుగోవంతు తగ్గింది. ఆ రోజుల కరువుపనే మద్రాసుకూ కృష్ణా డెల్టాకూ నడుమ బకింగ్‌హాం కాలువను పూర్తిచేసింది. ఐర్లండు కొండలలో కరువురోడ్లున్నట్లే మనకు కరువుకాలువ. ఆ కాలువ పేరు అప్పటి గవర్నరుది. త్రవ్వినవారి పేర్లు ఎవరూ అడగలేదు.

తెలుగు పండితుడిని గనుక నా మనసు చివరకు మాటల దగ్గరకే పోతుంది. ఐరిష్ భాషలో ఆ ఘోరాన్ని 'గోర్తా మోర్' అంటారు. మహా ఆకలి అని అర్థం. పంట పోవడం ఒకటి, ఆకలి మరొకటి. పోయింది ఒక్క పంట. ధాన్యం ఉండగా మనుషులు చచ్చారు. కనుక అక్కడివారిలో చాలామంది ఆ మాటకే కట్టుబడతారు. మన భాషలో 'కరువు' అంటే మనకు వెంటనే బీటలువారిన చేను, మబ్బులేని ఆకాశం తలపునకు వస్తాయి. కాని 'దుర్భిక్షం' చూడండి. భిక్ష దొరకడం దుర్లభమైన కాలం. ఆ మాటలో వాన లేదు, పంట లేదు. అడిగేవాడు, పెట్టనివాడు మాత్రమే ఉన్నారు. ముప్పైఆరేండ్లు ఈ సమాసానికి విగ్రహవాక్యం చెప్పించాను, నల్లబల్లపై వ్రాయించాను, మార్కులు వేశాను. దానిలో ఇద్దరు మనుషులున్నారని నాకు స్కిబరీన్‌లో తెలిసింది.

మాటకు ఎంత బలముంటుందో పాలకులకు మనకన్నా ముందే తెలుసు. 1832-33లో గుంటూరు ప్రాంతాన్ని తుడిచిపెట్టిన నందన కరువుకాలంలో అక్కడ పనిచేసిన మన సి.పి. బ్రౌన్, పైవారికి వ్రాసిన లేఖలలో దానిని కరువనే పేర్కొన్నాడు. 'కొరత' అనే మెత్తనిమాట కంపెనీవారికి ఇష్టం. నిఘంటువు కూర్చబోయేవాడు కదా, ఏ వస్తువుకు ఏ మాటో ఆయన ఎరుగును.

ఐర్లండులో ఆ ఆకలి మాటలనే మ్రింగింది. చచ్చినవారిలో, వలసపోయినవారిలో అధికులు ఐరిష్ మాట్లాడే పేదలు. 1851లో మొదటిసారి లెక్కవేసినప్పుడు ఆ భాష వచ్చినవారు దేశంలో సుమారు నాలుగోవంతే. స్కిబరీన్ వీధులలో నేడు ఆ భాష పేర్లపలకలపై కనిపిస్తుంది, సంతలో వినిపించదు. బాల్టిమోర్‌కు ఎదురుగా సముద్రంలో ఉన్న క్లియర్ ద్వీపంలో మాత్రం ఇంకా వాడుకలో ఉన్నది. వేసవిలో పిల్లలు అక్కడికి పోయి నేర్చుకొంటారు. మన కరువులు మన నోటిలోని తెలుగును తీయలేకపోయాయి. అది మన అదృష్టం. కాని మన జ్ఞాపకాన్ని తీసుకొనిపోయాయి. వారు గోతుల చుట్టూ గోడకట్టి, ప్రతి ప్రమాణపత్రం ఏరి, ప్రదర్శనశాల పెట్టారు. ధాత కరువులో పోయినవారికి మా జిల్లాలో ఒక రాయి ఎక్కడైనా నిలిచి ఉండగా నా కంటబడలేదు.

పూర్వమొకసారి ఎనిమిదో తరగతిలో పాఠం చెబుతూ, వానదేవుడు కరుణించక ధాత కరువు వచ్చిందని వర్ణించాను. వెనుక బల్లమీది పిల్లవాడొకడు లేచి, "సార్, అప్పుడు అంగళ్ళలో జొన్నలే లేకుండెనా?" అని అడిగాడు. పాఠానికి అడ్డువచ్చాడని కసిరి కూర్చోబెట్టాను. వాడిప్పుడు ఎక్కడున్నాడో తెలియదు. వాడికి బాకీ ఉన్న జవాబు ఇది: ఉండినాయి నాయనా. కొనేందుకు మనవారి చేతిలో డబ్బు లేదు. ఇప్పించేందుకు పైవారికి మనసు లేదు. వానదేవుడి తప్పు సగమే.

మేము శ్మశానంనుండి కదిలేసరికి సాయంకాలమైంది. ఏటిలో ఇద్దరు కుర్రవాళ్ళు పొడవాటి సన్నని పడవలో తెడ్లు వేస్తూ పోయారు. ఈ ఏటిమీద సాధన చేసిన పాల్ ఓడోనవన్, ఫింటన్ మెకార్తీ అనే యువకులు 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్సులోనూ, 2024లో పారిస్‌లోనూ బంగారు పతకాలు గెలిచారని అమ్మాయి చెప్పింది. ఏ ఒడ్డున మనుషులు ఆకలితో లేవలేక పడిపోయారో ఆ ఒడ్డునుండే అంత భుజబలం! సంతోషమయింది. సముద్రం చూడనేలేదు.

మహాలయ అమావాస్యనాడు తర్పణాలు విడిచిన తరువాత, పుత్రులు లేక, చెప్పేవారు లేక పోయిన కులజులకు బట్ట పిండి నీరు విడిచే ఆచారం మనకున్నది. ఏటేటా చేస్తున్నదే. ఈ ఏడాది ఆ నీరు విడిచేటప్పుడు నాకు ఒక పసివాడు, ఒక పచ్చికమైదానం కనిపించాయి.

చదువరులకు ఒక్క విన్నపం. మీ ఇండ్లలో పెద్దవారెవరైనా ఇంకా ఉంటే, ధాత కరువని, డొక్కల కరువని, గంజికరువని వారి పెద్దలు చెప్పిన మాటలేమైనా ఉన్నవేమో అడగండి. ఒక్క వాక్యమైనా సరే, వ్రాసిపెట్టండి. పేరు కూడా తప్పక అడగండి. మా అవ్వను నేను ఒక్కసారే అడిగి ఊరుకొన్నాను.